ఒక్క మాట జవాబుకు అందని చరిత్ర – కృష్ణాతీరపు కొన్ని ప్రశ్నలు

విజయవాడ నుండి మచిలీపట్నం పోయే బందరు రోడ్డు మీద పటమట ఉన్నది. 1985లో విజయవాడ నగరంలో కలిసేవరకు అది ప్రత్యేక పంచాయతీ. 1914లో బెజవాడలో ఆరంభమైన గ్రంథాలయోద్యమ సంస్థకు ఈనాడు పటమటలో సొంత భవనం ఉన్నది. ఉద్యోగాల పోటీపరీక్షలకు తయారయ్యే యువకులు ఇక్కడి పఠనాలయాలలో గంటల తరబడి కూర్చుండటం కనిపిస్తుంది. వారి చేతులలో తరచుగా ఉండేవి చరిత్ర గ్రంథాలు కావు, ప్రశ్నలు జవాబులు వరుసగా అచ్చువేసిన చిన్న పుస్తకాలు. ఉత్తర సర్కారులను ఆంగ్లేయులకు ఇచ్చినది ఎవరు? జాతీయ పతాకాన్ని రూపొందించినది ఎవరు? ఏ సమావేశంలో అది ఆమోదించబడినది? ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఒక పేరు, లేదా ఒక సంవత్సరం.

ఇటువంటి పుస్తకాల వలన ప్రయోజనం లేదని అనలేము. చరిత్ర అంటే ఆసక్తి లేనివాడికి కూడా అవి నాలుగు విషయాలు నేర్పుతాయి. అయితే చరిత్రను ఒక్క మాటలోకి కుదించినప్పుడు ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నది ఆలోచించవలసిన విషయం. కృష్ణాతీరపు రాజకీయ చరిత్రలో జారిపోయే భాగం చాలామట్టుకు హిందువులు, ముస్లిములు కలిసి నడచిన భాగమే. ముస్లిం ప్రభువు జయించినవాడుగానో ఓడినవాడుగానో ఒక పేరై మిగులుతాడు. ఆయన దర్బారులోని తెలుగు మంత్రి, దుబాసీ, కవి, రైతు పుటలో నుండి తప్పుకుంటారు. కావున పటమట చుట్టుపక్కలకు సంబంధించిన కొన్ని ప్రశ్నలను తీసుకుని, వాటి జవాబులను కొంచెం విప్పి చూద్దాం.

వార్తను పరిశీలించే పద్ధతి

చెవిన పడిన ప్రతి వార్తను వెంటనే నమ్మరాదని, విచారించి తెలుసుకొనవలెనని దివ్య ఖుర్‌ఆన్ ‘హుజురాత్’ సూరా 6వ ఆయత్‌లో విశ్వాసులకు ఆదేశం ఉన్నది. విచారించకపోతే తెలియనితనంలో ఒక జనసమూహానికి హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందన్న హెచ్చరిక కూడా అక్కడే ఉన్నది. ఈ ఆదేశం పునాదిగానే హదీసు విద్వాంసులు రెండు పరీక్షలను ఏర్పరచుకున్నారు. మొదటిది ‘రివాయత్’. అంటే ఈ మాట ఎవరినుండి ఎవరికి వచ్చింది, మధ్యలో ఉన్నవారు నమ్మదగినవారేనా అని చూడటం. రెండవది ‘దిరాయత్’. చెప్పిన మాట బుద్ధికి, తెలిసిన ఇతర విషయాలకు సరిపోతున్నదా అని చూడటం.

రెండవ పరీక్షను చరిత్రకు పూర్తిగా వర్తింపజేసినవాడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406). హజ్రత్ మూసా (అ) వెంట 6 లక్షల మంది యోధులు ఉండిరన్న కథనాన్ని తీసుకుని, ఆయన తన ‘ముఖద్దిమా’లో లెక్కలు వేసి చూపాడు. కొద్ది తరాలలో ఒక కుటుంబం నుండి అంతమంది పుట్టడం ఎట్లా? అంత సైన్యం ఒక్క యుద్ధభూమిలో నిలువగలదా? ఒక కొనన ఏమి జరిగిందో రెండవ కొనకు తెలిసే వీలున్నదా? సంఖ్యల విషయంలోనే చరిత్రకారులు ఎక్కువగా పొరబడతారని ఆయన నిర్ణయించాడు. ఈ పరీక్ష ఆంధ్రదేశపు చరిత్రకు ఎంతగా పనికివస్తుందో ముందు చూస్తాము.

పేరును బట్టి పడే పొరపాటు

మొదట ఒక చిన్న ఉదాహరణ. విజయవాడ ఇంద్రకీలాద్రి పాదం దగ్గర ఉన్న అక్కన్న మాదన్న గుహలను ఎవరు తొలిపించారు అని అడిగితే, చాలామంది ఆ మంత్రుల పేర్లే చెబుతారు. అక్కన్న, మాదన్న సోదరులు గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కాలంవారు. మాదన్న ప్రధానమంత్రిగా రాజ్యభారమంతా మోశాడు. ఆ సోదరులు 1686లో హత్య చేయబడ్డారు. గుహలు మాత్రం 6, 7 శతాబ్దాలకు చెందినవని పురావస్తు శాస్త్రజ్ఞుల నిర్ణయం. అనగా మంత్రులకు, గుహలకు మధ్య సుమారు వెయ్యి సంవత్సరాల ఎడం ఉన్నది. పేరు తరువాత వచ్చి చేరింది.

జవాబు తప్పు అయినంత మాత్రాన ఆ పేరు వ్యర్థం కాదు. ఒక ముస్లిం సుల్తాను కొలువులోని ఇద్దరు బ్రాహ్మణ మంత్రుల జ్ఞాపకాన్ని బెజవాడ ప్రజలు మూడు శతాబ్దాలుగా ఒక కొండగుహకు తగిలించి కాపాడుకొన్నారు. కట్టడం చెప్పేది ఒక సత్యం, పేరు చెప్పేది ఇంకొక సత్యం. రెండింటినీ కలగాపులగం చేయకుండా వేరువేరుగా చదవటమే చరిత్ర విద్యార్థి పని.

కృష్ణ ఆనకట్ట సంగతి కూడా ఇటువంటిదే. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు చెప్పడం వాడుక. ప్రేరణ, ప్రణాళిక ఆయనవనుటలో సందేహం లేదు. కాని 1852 నుండి 1855 వరకు బెజవాడలో నిలబడి పని జరిపించిన ఇంజనీరు కెప్టెన్ ఆర్. ఈ పేరు ప్రశ్నల పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

సర్కారులను ఎవరు ఇచ్చారు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మొగలు పాలన నాటికి ఈ తీరప్రాంతం ఐదు సర్కారులు. అవి చికాకోల్ (శ్రీకాకుళం), రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. దస్తావేజులలో కొండపల్లికి ముస్తఫానగర్ అని, గుంటూరుకు ముర్తజానగర్ అని పేర్లు. ‘ముస్తఫా’ దైవప్రవక్త (స) వారి బిరుదు, ‘ముర్తజా’ హజ్రత్ అలీ (రజి) వారి బిరుదు. కృష్ణకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. ఈ లెక్కన బెజవాడ, దానితోపాటు పటమట నేల, ముస్తఫానగర్ సర్కారులోనివి.

ఈ సర్కారులను ఆంగ్లేయులకు ఇచ్చినది నిజాం అలీ ఖాన్, సంవత్సరం 1766 అన్నది పుస్తకాలలో మామూలుగా దొరికే జవాబు. జరిగిన క్రమం చూడండి.

1748లో మొదటి ఆసఫ్ జా మరణించిన తరువాత ఆయన వారసుల మధ్య కలహం రేగింది. ఫ్రెంచివారి బలంతో గద్దెనెక్కిన ఆయన కుమారుడు సలాబత్ జంగ్, తన దగ్గర ఉన్న ఫ్రెంచి సైన్యపు జీతాల కోసం 1753లో గుంటూరు తప్ప తక్కిన నాలుగు సర్కారుల ఆదాయాన్ని బుస్సీకి వదిలాడు. 1758లో బెంగాలు నుండి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డు వచ్చి, విజయనగరం ఆనందగజపతి సాయంతో డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. అక్కడినుండి దిగువకు వచ్చి మచిలీపట్నం కోటను ముట్టడించాడు.

ఆ సమయంలో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి తోడుగా పెద్ద సైన్యంతో బెజవాడ వరకు వచ్చి ఉన్నాడు. మచిలీపట్నం అక్కడికి దాదాపు 40 మైళ్లు. ఫోర్డు పరిస్థితి ఏమంత బాగులేదు. డబ్బు అయిపోయింది, సొంత సైనికులే తిరగబడ్డారు, వెనుక సుబేదారు సైన్యం ఉన్నది. అయినా 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఆయన కోట మీద పడి, 8వ తేదీకి దానిని వశం చేసుకున్నాడు. బెజవాడలో ఉన్న సైన్యం సకాలంలో ముందుకు కదలలేదు. మరోవైపు తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు మీదకు వస్తున్నాడన్న భయం సలాబత్ జంగ్‌ను తొందరపెట్టింది. మే 14న ఆయన మచిలీపట్నాన్ని, దాని చుట్టుపట్ల ప్రాంతాలను, నిజాంపట్నాన్ని ఆంగ్లేయులకు వ్రాసి ఇచ్చాడు. ఇది మొదటి ఇవ్వడం.

1762లో నిజాం అలీ అన్నను తొలగించి తానే సుబేదారు అయినాడు. మూడేళ్ల తరువాత, 1765 ఆగస్టు 12న, అలహాబాదులో ఉన్న మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం ఐదు సర్కారులను కంపెనీకి దానమిస్తూ ఫర్మానా జారీ చేశాడు. బెంగాలు దివానీ ఇచ్చినది కూడా ఆ రోజే. బక్సరు పరాజయం తరువాత కంపెనీ నీడలో ఉన్న చక్రవర్తికి ఈ తీరం మీద అధికారం పేరుకు మాత్రమే. తన చేతిలో లేని నేలను, తనను కాపాడుతున్నవారికి ఆయన కాగితం మీద ఇచ్చాడు. ఇది రెండవ ఇవ్వడం.

ఆ ఫర్మానాను పట్టుకొని 1766లో జనరల్ కైలాడ్ సేనతో సర్కారులలో ప్రవేశించి కొండపల్లి కోటను ఆక్రమించాడు. నిజాం అలీ ఆగ్రహించి కర్ణాటకం మీదకు బయలుదేరగా మద్రాసువారు రాజీకి వచ్చారు. ఈ సంప్రదింపులలో పనిచేసిన దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. 1766 నవంబరు 12న హైదరాబాదు సంధి జరిగింది. దాని ప్రకారం కంపెనీ సర్కారులకుగాను నిజాంకు ఏటా మొత్తం 9 లక్షల రూపాయలు చెల్లించాలి. అందులో 5 లక్షలు రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్‌లకు. తక్కిన రెండింటికి స్వాధీనమైనప్పుడు తలా 2 లక్షలు. చక్రవర్తి నుండి ఊరకే పొందామన్న నేలకు సుబేదారుకు సొమ్ము కట్టడానికి ఒప్పుకున్నారన్నమాట. ఇది మూడవ ఇవ్వడం. పుస్తకాల జవాబు ఇక్కడ ఆగిపోతుంది.

కథ ఇక్కడ ఆగలేదు. మరుసటి సంవత్సరమే నిజాం అలీ హైదర్ అలీతో కలిసి కంపెనీపై యుద్ధానికి దిగాడు, తరువాత విడిపోయాడు. 1768 సంధిలో ఆయన షా ఆలం ఫర్మానాను గుర్తించాడు. గుంటూరు సర్కారు ఆయన తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలం వరకు మినహాయింపు. బసాలత్ జంగ్ 1782లో మరణించినా, గుంటూరు కంపెనీ పాలనలోకి వచ్చినది 1788లో. అప్పటికి కూడా నిజాంకు ఏటా సొమ్ము ముట్టుతూనే ఉన్నది.

ఆ సొమ్ముకు పార్సీ పేరు ‘పేష్‌కష్’. ఈ మాటను తెలుగులో కొందరు కౌలు అని, కొందరు కప్పం అని అనువదిస్తారు. పార్సీ దర్బారు వాడుకలో పేష్‌కష్ అంటే చిన్నవాడు పెద్దవాని ముందు ఉంచే సమర్పణ. నిజానికి యజమాని ఎవరో అందరికీ తెలుసు. అయినా కాగితం మీద కంపెనీయే నిజాంకు పేష్‌కష్ కట్టే సామంతుని స్థానంలో ఉన్నది. ఈ ఒక్క మాటను అశ్రద్ధగా అనువదిస్తే అరవై సంవత్సరాల రాజకీయ సంబంధం స్వరూపమే మారిపోతుంది.

ఒక అంకె పరీక్ష

పేష్‌కష్ చివరకు 1823లో ముగిసింది. సికందర్ జా కాలంలో హైదరాబాదు ప్రభుత్వం విలియం పామర్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థకు లక్షల రూపాయల బాకీలో మునిగి ఉన్నది. దివాన్గిరీ చందూలాల్ చేతిలో ఉండేది. రెసిడెంటు మెట్కాఫ్ ఆ బాకీ తీర్చడానికి ఒక మార్గం కుదిర్చాడు. ఉత్తర సర్కారుల పేష్‌కష్ మీద నిజాంకు ఉన్న హక్కును ఈస్టిండియా కంపెనీ ఒక్కసారిగా కొనివేసింది.

ఎంతకు కొన్నది? కొన్ని పుస్తకాలలో 11,66,666 రూపాయలని అచ్చయి ఉన్నది. ప్రశ్నల పుస్తకాలవారు దానినే ఎత్తి వ్రాస్తారు. ఇక్కడ ఇబ్న్ ఖల్దూన్ పరీక్ష పెట్టి చూద్దాం. అప్పటికి పేష్‌కష్ ఏడాదికి 7 లక్షలు. శాశ్వతంగా ఏటా 7 లక్షలు రావలసిన హక్కును ఎంత అవసరంలో ఉన్నవాడైనా రెండేళ్ల రాబడి కూడా కాని మొత్తానికి అమ్ముతాడా? 7 లక్షలను పదహారున్నొర, ఇంకా ఒకటిలో ఆరవ వంతు (అంటే పదహారూ మూడింట రెండు) సంవత్సరాలకు లెక్కగడితే 1,16,66,666 రూపాయలు వస్తుంది. ఆనాటి మొత్తం ఇదే. ఎత్తివ్రాతలో ఎక్కడో ఒక అంకె రాలిపోయి కోటికి పైబడిన సొమ్ము పదకొండు లక్షలైంది. సనదు లేని సంఖ్య చేతులు మారేకొద్దీ ఇట్లాగే అరిగిపోతుంది.

కాబట్టి సర్కారులను ఇచ్చినది ఎవరన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఒక పేరు కాదు. 1753 నుండి 1823 వరకు 70 సంవత్సరాల వ్యవహారం అది. ఇందులో ముస్లిం పాఠకులకు చేదుగా తోచే పాఠం కూడా ఉన్నది. మన పత్రికలలో కుతుబ్‌షాహీల తెలుగు అభిమానాన్ని గురించి, ‘మల్కిభరాముడు’ అని కవులు కీర్తించిన ఇబ్రహీం కుతుబ్‌షాను గురించి గర్వంగా వ్రాసుకుంటాము. అది న్యాయమే. పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చినది అమీన్ ఖాన్‌కే కదా. కాని అదే ఉత్సాహంతో సలాబత్ జంగ్ సంగతి వ్రాయము. అన్నదమ్ముల తగవులో నేలను, దాని మీది రైతులను జీతబత్తెాల కింద వదిలినవారు, బాకీ కింద అమ్మినవారు కూడా మన చరిత్రలోనివారే. ఆ రైతులలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు. నచ్చిన రివాయత్‌ను మాత్రమే నిలుపుకోవడం న్యాయమైన సాక్ష్యం అనిపించుకోదు.

పతాకం ప్రశ్న

ఆ నేల మీది ప్రజలే తమ మాట చెప్పడానికి ముందుకు వచ్చిన సందర్భం తరువాతి శతాబ్దంలో బెజవాడలోనే కనిపిస్తుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం అక్కడ సమావేశమైంది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు జతగా నడుస్తున్న రోజులవి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు జూన్ 30 లోపల సమకూర్చాలని అక్కడ తీర్మానించారు.

జాతీయ పతాకాన్ని రూపొందించినది పింగళి వెంకయ్య, ఆమోదించినది బెజవాడ సమావేశం అన్నది వాడుకలో ఉన్న జవాబు. మొదటి సగంలో సత్యం ఉన్నది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్య 1916లోనే పతాకం గురించి పుస్తకం ప్రచురించాడు. బెజవాడలో గాంధీజీ కోరికపై ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న నమూనా తయారుచేసి ఇచ్చాడు. రాట్నం ఉండాలన్న సలహా జలంధరు హంసరాజుది. రెండు రంగులు హిందూ ముస్లిములకు గుర్తులు. నమూనా చేతికి వచ్చేసరికి ఆలస్యమైనందున అది సంఘం ముందు పెట్టబడలేదు. అది మంచిదే అయిందని తరువాత గాంధీజీ భావించాడు. ఎందుకంటే, తక్కిన మతాలవారికి అందులో చోటు లేదని ఆయనకు తోచి తెల్లరంగు చేర్చవలెనన్నాడు. ఈ సంగతులన్నీ 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో ఆయనే వ్రాశాడు. కావున జవాబు రెండవ సగం నిలువదు. బెజవాడ సమావేశం పతాకాన్ని ఆమోదించలేదు.

ఆమోదం వచ్చినది పది సంవత్సరాల తరువాత. 1931లో ఏడుగురి సంఘం ఏర్పడింది. దానికి సంచాలకుడు మచిలీపట్నానికి చెందిన పట్టాభి సీతారామయ్య. సభ్యులలో మౌలానా అబుల్ కలాం ఆజాద్, మాస్టర్ తారాసింగ్ ఉండిరి. ఆ సంఘం ఒకే కాషాయ రంగును సూచించింది. ఆగస్టులో కాంగ్రెసు సంఘం దానిని కాదని కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నాన్ని ఆమోదించింది. రంగులకు మతాలతో సంబంధం లేదని, అవి గుణాలకు సంకేతాలని అప్పుడే ప్రకటించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచి నేటి పతాకాన్ని నిర్ణయించింది. ఆ చివరి మార్పు విషయంలో బద్రుద్దీన్ త్యాబ్జీ, సురయ్యా త్యాబ్జీ దంపతుల పేర్లు చెప్పే కథనం ఒకటి ఉన్నది. దానిని కథనంగానే ఉంచడం మేలు.

వెంకయ్య 1963 జూలై 4న మరణించాడు. పై వివరాల వలన ఆయన గౌరవానికి ఏ లోపమూ రాదు. త్యాబ్జీ దంపతుల పేరెత్తి ఆయనను తక్కువ చేయడం ఎంత అన్యాయమో, ఆయన పేరు చెప్పి తక్కిన అందరినీ తుడిచివేయడం కూడా అంతే అన్యాయం. ‘ఎవరు చేశారు’ అని అడిగినప్పుడు ఒక్క పేరు కోసం తెలుగువారు, ఉత్తరాదివారు, హిందువులు, ముస్లిములు పోటీపడతారు. ‘ఎట్లా తయారైంది’ అని అడిగితే ఆ పోటీకి అవసరమే ఉండదు. ముప్పై సంవత్సరాలపాటు పలువురి చేతులు దాని మీద పనిచేసినవని అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న మార్చుకోవడం

ప్రశ్నల పుస్తకాలు పోవు, పోవలసిన అవసరమూ లేదు. పరీక్షకు జవాబు వ్రాయవలసినవాడు వ్రాయవలసిందే. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఒక అలవాటు మాత్రం చేయించవచ్చు. ప్రతి జవాబు పక్కన మూడు చిన్న ప్రశ్నలు వ్రాయించాలి. ఈ మాట ఎక్కడనుండి వచ్చింది? అంకె లెక్కకు నిలుస్తుందా? ఈ పేరు వెనుక ఇంకా ఎవరు ఉన్నారు? మొదటిది రివాయత్, రెండవది దిరాయత్, మూడవది న్యాయదృష్టి.

ఇందువలన కలిగే లాభం విద్యకు మాత్రమే పరిమితం కాదు. ఈనాడు ఒక సమాజం మరొక సమాజాన్ని గురించి ఏర్పరచుకునే అభిప్రాయాలు చాలావరకు ఒక్క వాక్యపు చరిత్రలనుండి పుట్టినవే. ముస్లిం అంటే దండెత్తినవాడు అన్నది అటువంటి వాక్యం. మన పాలనలో అంతా సుఖమే అన్నది కూడా అటువంటి వాక్యమే. బందరు రోడ్డు మీద ఉన్న పటమట విద్యార్థికి ఈ రెండింటినీ సరిదిద్దే సాక్ష్యాలు చుట్టూ ఉన్నవి. ఒకవైపు కొండపల్లి, ఇంద్రకీలాద్రి గుహలు, రెండవ వైపు దారి చివర మచిలీపట్నం. వాటిని చూచి, చదివి, విచారించి సాక్ష్యం చెప్పే తరం రావలెనని ఆశిద్దాం. సర్వం తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే.